నల్లరేగడి, మొదటి పక్క

మా క్యాసెట్టుకు ‘నల్లరేగడి’ అని పేరు పెట్టింది నేనే. 1986లో మా చీరాల చర్చిలో ప్రోగ్రెసివ్ రాక్ అంటూ తిరిగేవాళ్లం ముగ్గురం: గిటారుకు ప్రేమదాసు, డ్రమ్స్‌కు నేతపని చేసే పానకాలు, చర్చి ఆర్గన్‌కు నేను, మరియదాసును. కాస్త జాజ్, కాస్త పాశ్చాత్య శాస్త్రీయం, పానకాలు మగ్గం దగ్గర పట్టుకొచ్చిన ఏడు దెబ్బల నడక. మాట ఒక్కటీ లేదు. మొదటి పక్క ఇరవై రెండు నిమిషాలు రికార్డయింది. రెండో పక్కకు చర్చి హాలూ ఆర్గనూ ఇంకో నెల కావాలి.

ఇవ్వాల్సింది సంఘపెద్ద మార్కు గారు. ముందు సంఘానికి వినిపించమన్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక టేప్‌రికార్డరు బల్ల మీద పెట్టి మీట నొక్కాను.

ఆర్గన్ మొదలవగానే అందరూ చాపల మీంచి లేచారు. మా చర్చిలో అంతే. వరస ఒకసారి వాయిస్తే లేస్తారు, రెండోసారికి పాట అందుకుంటారు. ఏళ్ల తరబడి వాయిస్తున్నా, మీట నొక్కేముందు ఈ సంగతి నా బుర్రకు తట్టలేదు. పాటల పుస్తకాలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. పల్లవి రాదే. కూర్చోండి అని చెప్పడానికి మొహమాటపడ్డాను. వారమంతా మిరపకాయల తొడిమలు తీసే ఎలీసమ్మ కూడా ఆ నొప్పుల మోకాళ్లతో నిలబడే ఉంది. నా మీద నాకు కోపం వచ్చింది. నిజం చెప్పాలంటే వాళ్ల మీద ఇంకా ఎక్కువ వచ్చింది. వినడం తెలియని జనం అనుకున్నాను.

టేపు ఆగింది.

“పాట ఎప్పుడు మొదలవుద్ది?” అన్నారు మార్కు గారు.

“ఇదేనండి పాట.”

“మాటల్లేకపోతే సంఘం ఏం పాడాలయ్యా? పల్లవి ఒకటి పెట్టు, హాలు ఇస్తా. లేదా తాళంచెవి ఇచ్చెయ్.”

పెట్టేద్దాం అన్నట్టు ప్రేమదాసు నావైపు చూశాడు. నేను ఇచ్చేద్దామనే జేబులోంచి తాళంచెవి తీశాను. ఏడుపొచ్చినంత పనైంది.

“మాటలు పెట్టించమాకండి, మార్కు గారూ,” అంది ఎలీసమ్మ.

“ఏమ్మా?”

“మా ఆయన పోయి రెండేళ్లు. ఏ పాటకి లేచినా పుస్తకంలో మాటలే పాడాను. ఇయ్యాల ఎవరూ మాట అందించలా. నిలబడి ఆయనతో నా మాటలు చెప్పుకున్నా. సగంలో ఉండగా ఆగిపోయింది.”

నాకు సిగ్గేసింది. ఆ హాల్లో అందరికంటే బాగా విన్నది ఆవిడే.

మార్కు గారు నావైపు తిరిగారు.

“రెండో పక్క ఎంతసేపు?”

“ఇరవై నిమిషాలండి.”

“సరిపోద్దేమో ఎలీసమ్మని అడుగు,” అన్నారు.