ఇరవై ఎనిమిది సైజు

లక్ష్మీరాజం కీబోర్డు మీద కింది బాణం మీటను లెక్కపెట్టి నొక్కుతున్నాడు. ఏడు, ఎనిమిది, తొమ్మిది. తర్వాత ఎంటర్. రోజూ అయితే అక్కడ సెట్టింగుల పెట్టె తెరుచుకుంటుంది. అందులో అక్షరాల సైజు పన్నెండు తీసేసి ఇరవై ఎనిమిది కొడితే ఆయన పని మొదలవుతుంది. ఇవాళ ఇంకేదో తెరుచుకుంది. అదేమిటో చదువుదామంటే మెనూలో రాత చీమల బారులా ఉంది. మూసేసి మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. మళ్లీ అదే వచ్చింది.

బెల్లంపల్లిలో ఓంప్రకాశ్ ప్రింటింగ్ షాపుకు ఉన్నది ఒక్కటే కంప్యూటర్. పొద్దున ఎనిమిది నుంచి ఒంటిగంట దాకా లక్ష్మీరాజం దాని మీద మ్యాటర్ కొడతాడు. ఆ తర్వాత శ్యామల వచ్చి దాన్ని కార్డుల్లో, కరపత్రాల్లో సర్దుతుంది. వైరస్‌లతో విసిగిపోయి ఓంప్రకాశ్ తన మేనల్లుడు కుమార్‌తో అందులో లినక్స్ వేయించాడు. మ్యాటర్ కొట్టే టెక్స్ట్ ఎడిటర్‌లో అక్షరం ఎంత పెద్దగా కనిపించినా అచ్చులో తేడా రాదు. ఆ సైజు చూసేవాళ్ల కళ్ల కోసమే.

ఆ కళ్ల సంగతే లక్ష్మీరాజం షాపులో ఎవరికీ చెప్పలేదు. కంటి నరం దెబ్బతిన్నదనీ, అద్దాలు మార్చినా లాభం లేదనీ రెండేళ్ల కింద కరీంనగర్ డాక్టరు తేల్చేశాడు. తెలిస్తే ఓంప్రకాశ్ తిట్టడు. మర్యాదగానే ఇక ఇంట్లో కూర్చోమంటాడు. ఆ మర్యాదంటేనే లక్ష్మీరాజానికి భయం. ఇరవయ్యో ఏట టైపు నేర్చుకున్న మనిషికి ఇంట్లో కూర్చోవడం ఎట్లాగో ఎవరూ నేర్పలేదు మరి.

అందుకే ఉపాయాలు పెట్టుకున్నాడు. గిరాకీకి వచ్చినవాళ్లు తెచ్చిన కాగితాన్ని వాళ్లనే చదవమంటాడు. అది పెద్దమనిషి ఠీవి అనుకుంటారు వాళ్లు. మెనూలో ఎన్నో వరుసకు దిగాలో ఒక పాత పెళ్లికార్డు వెనక లావు పెన్నుతో రాసి, కీబోర్డు సొరుగులో దాచుకున్నాడు. మధ్యాహ్నం శ్యామల రాగానే సైజును మళ్లీ పన్నెండుకు దించుతుంది. "రాజం సార్, గుమ్మడికాయలంత అక్షరాలు పెడ్తరేంది? ఒక్క పేరు సూడాల్నంటే తెరంత తిరగాలె" అంటుంది. ఆయన నవ్వి ఊరుకుంటాడు. నాకు కనపడదు బిడ్డా అని ఒక్క మాట అంటే సరిపోయేది. రెండేళ్లలో ఆ మాట నాలుక దాటలేదు.

"రాత్రి కుమార్‌గాడు అప్‌డేట్ ఏసిపోయిండు. మంచిగ నడుస్తుందా?" ఓంప్రకాశ్ ముందు గదిలోంచి అడిగాడు.

"నడుస్తుంది" అన్నాడు లక్ష్మీరాజం.

అంతలో నాగయ్య వచ్చాడు. బొగ్గుబావిలో పనిచేసి రిటైరైన అతని అన్న ఎల్లేశం పోయాడు. పెద్దకర్మ కార్డు కొట్టాలి.

"నువ్వు సదువు నాగయ్యా, నేను కొడత."

నాగయ్య చదువుతుంటే లక్ష్మీరాజం వేళ్లు వాటంతటవే కదిలాయి. తెర మీద బూడిదరంగు గీతలు తప్ప ఏమీ లేవు. తేదీ పదహారు దగ్గర వేలు ఆరు మీద పడిందో, పక్కనున్న ఐదు మీద పడిందో తెలియలేదు.

"ఒక్కపారి చూసుకో."

"మీరు కొట్టినంక తప్పుంటదా సార్" అని నాగయ్య చూడకుండానే లేచాడు. ఆ నమ్మకానికి లక్ష్మీరాజం సిగ్గుపడ్డాడు.

ఒంటిగంటకు శ్యామల వచ్చి కూర్చుని, తెర చూసి నవ్వింది. "ఇయ్యాల చిన్నగనే పెట్టిండ్రు. నా మాట ఇన్నరు సార్, శాన సంతోషం."

"బిడ్డా" అన్నాడాయన.

"ఏంది సార్?"

మాట గొంతు దాకా వచ్చింది. ఆ పిల్ల ముఖం ఆయనకు సరిగా కనిపించకపోయినా, గొంతులో సంతోషం తెలుస్తోంది. దాన్ని చెడగొట్టబుద్ధి కాలేదు.

"ఏం లేదు. ఆ పెద్దకర్మ కార్డుల తేదీ జర సూడు. పదారు ఉండాలె."

టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని, గోడ పట్టుకుని మెట్లు దిగి వెళ్లాడు. ఇంట్లో నాలుగు ముద్దలు తిని మంచం మీద వాలాడు. పదహారో, పదిహేనో అనుకుంటూనే కళ్లు మూశాడు. నాలుగింటికి భార్య లచ్చవ్వ చాయ తెచ్చి పిలిస్తే లేవలేదు. ఆమె పిలుస్తూనే ఉంది. చాయ చల్లారిపోయింది.

ఎల్లేశం కార్డులో తేదీ పదహారే ఉంది. ఒక్క అక్షరం కూడా తప్పు పోలేదు.

వారం తర్వాత లచ్చవ్వ షాపుకు వచ్చింది. ఊరందరి పెద్దకర్మ కార్డులు కొట్టిన మనిషికి ఇప్పుడు కార్డు కొట్టాలి. శ్యామల కొట్టి, తెర ఆమె వైపు తిప్పింది.

"పేర్లు సరిగున్నయా సూడు అవ్వా."

"నాకు సదువు రాదు బిడ్డా. ఆయనకు సుత రెండేండ్ల సంది ఏం కనవడకపాయె. పెద్దపెద్దగ పెట్టుకుంటే ఇంత కనవడ్తదనేటోడు. నీకెర్కే గదా, పక్కపొంటి పనిచేస్తివి."

రోజూ తను నవ్వుతూ పన్నెండుకు దించింది శ్యామలకు గుర్తొచ్చింది. అక్కడే ఉన్న కుమార్ తల గోక్కున్నాడు. "నాకు ముందుగాల చెప్తే ఇద్దరికి రెండు లాగిన్లు పెడ్తుంటి. ఎవల సైజు ఆళ్లకుండు. రెండు నిమిషాల పని."

ఆ రెండు నిమిషాలు శ్యామలను చాలా కాలం వదల్లేదు.

లచ్చవ్వ వెళ్లాక కార్డు ప్రింటుకు పంపబోతూ కీబోర్డు సొరుగు లాగితే పాత పెళ్లికార్డు అట్టముక్క దొరికింది. దాని వెనక ఒక్కో అక్షరం బొటనవేలంత ఉంది. "మెనూ. కిందికి 9. ఎంటర్. 28." శ్యామల అట్టలో ఉన్నట్టే తొమ్మిదిసార్లు నొక్కింది. ఇంకేదో తెరుచుకుంది. అప్‌డేట్‌తో మెనూలో ఒక వరుస పెరిగింది. ఇప్పుడు పదిసార్లు నొక్కాలి. ఆ రోజు అక్షరాలు ఎందుకు చిన్నగా ఉన్నాయో, శాన సంతోషం అని తను ఎవరితో అన్నదో అప్పుడు అర్థమై, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కళ్లు తుడుచుకుని, తెరుచుకున్నది మూసేసి, ఈసారి పదిసార్లు నొక్కింది. ఇరవై ఎనిమిది పెట్టింది. లక్ష్మీరాజం పేరు తెర నిండా పరుచుకుంది. ఆ సైజును మళ్లీ ఎవరూ దించలేదు. తెర పక్కన ఆమె గోడకు ఆనించిన అట్టముక్క మీద లావు పెన్నుతో రాసిన తొమ్మిది అలాగే ఉంది.