ధూమపానం లేని ఊరు

నేను ఒక ఊదుడు మీటరును. పేరు వినగానే పుట్టినరోజు బుడగలు ఊదే సామాను అనుకోకండి. ఊపిరి కాసేపు బిగబట్టి, నా మూతికి తగిలించిన అట్టగొట్టంలోకి ఊదితే, పొగ మీ లోపల ఎంత విషం దాచిందో అంకె చూపిస్తాను. తక్కువైతే పచ్చదీపం, ఎక్కువైతే ఎర్రదీపం. ఇంతే నా చదువు. ఏదో ఫ్యాక్టరీలో బల్లల ముందు కూర్చున్న ఆడపిల్లలు నన్ను బిగించి, ఒకసారి ఊది చూసుకుని పెట్టెలో పెట్టారు. వాళ్ల ఊపిరిలో పొద్దున తిన్న ఉల్లిపాయ వాసన తప్ప ఇంకేమీ లేదు. లోకమంతా అలాగే ఉంటుందనుకున్నాను.

అక్కణ్ణించి సముద్రం ఒడ్డునున్న ఒక జిల్లా ఆసుపత్రికి వచ్చిపడ్డాను. రెండో అంతస్తులో, ఎక్స్‌రే గది పక్క సందులో ‘పొగాకు విముక్తి కేంద్రం’ అని బోర్డు కట్టి రిబ్బను కత్తిరించారు. ప్రారంభానికి వచ్చిన పెద్దాయన్ని ఫొటో కోసం ఊదమన్నారు. ఆయన జేబులో సిగరెట్టు పెట్టె నాకు కనిపిస్తూనే ఉంది. “మా డ్రైవరు ఊదుతాడులెండి” అన్నాడాయన. ఆ డ్రైవరు పాపం వక్కపొడి కూడా వేసుకోడు. పచ్చదీపం వెలిగింది, అందరూ చప్పట్లు కొట్టారు.

మంగళ, శుక్రవారాల్లో పది నుంచి పన్నెండు దాకా మా కేంద్రం తెరుస్తారు. వచ్చేవాళ్లెవరంటే, పక్క ఆఫీసుల గుమాస్తాలు, కాలేజీ గోడ వెనక దొరికిపోయి ప్రిన్సిపాలు తరిమిన కుర్రాళ్లు. వాళ్లూ రాని రోజు ఖాళీ గదిలో ఫ్యాను తిరిగేది. మాన్పించే బిళ్లలు, నమిలే గమ్ములు బీరువాలోనే గడువు దాటిపోయేవి. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారే, అదీ మా సంగతి.

వచ్చినవాళ్లతో మాట్లాడి ధైర్యం చెప్పే ఉద్యోగం ప్రమీలది. కాంట్రాక్టు మనిషి, ఊరుకోలేని మనిషి కూడా. ఒకరోజు నన్ను హ్యాండ్‌బ్యాగులో వేసుకుని బస్సెక్కి ఒక మత్స్యకారుల పల్లెలో దిగింది. ఆ పల్లె గురించి ఆసుపత్రివాళ్లు అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చేశారు. సర్వేవాళ్లు ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లను “ధూమపానం చేస్తారా?” అని అడిగారట. పానం అనేసరికి వాళ్లు సారా అనుకున్నారు. “పానాలు గీనాలు మాకెందుకమ్మా, అవి మగోళ్లవి” అన్నారు. ఇంకేం, ఆ ఊళ్లో పొగ తాగే ఆడవాళ్లు లేరని తేల్చేశారు. లేనివాళ్లకు క్యాంపు ఎందుకని మా కేంద్రం ఎప్పుడూ అటు వెళ్లలేదు.

మరి నేను చూసిందేమిటి? ఇసుకలో చేపలు ఆరబెడుతున్న ఆడవాళ్లలో సగంమంది నోట్లో చుట్ట ఉంది. అదీ తిరగేసి, నిప్పున్న కొస లోపలికి. దాన్ని అడ్డచుట్ట అంటారు. సముద్రపు గాలికి ఆరిపోదు, రెండు చేతులకూ పని సాగుతుంది. నిప్పు అంగిలి కింద రగులుతుంటే వాళ్లు హాయిగా కబుర్లు చెప్పుకుంటున్నారు. నాకైతే భయం వేసింది.

మైలపల్లి కొర్లమ్మ అనే ఆమె ముందుకొచ్చింది. నెత్తిన తట్టతో ఊళ్లు తిరిగి చేపలు అమ్ముకునే మనిషి. అంగిట్లో తెల్లమచ్చ లేచిందని, కారం తగిలితే మంటని, నోరు తెరిచి ప్రమీలకు చూపించింది. ఊదమంటే ఊదింది. అంత అంకె నేను అప్పటిదాకా ఎవరికీ చూపించలేదు.

“ఏటమ్మా, ఎర్రగా అయిపోనాది?”

“అది నీ లోపలున్న పొగ, కొర్లమ్మా. మచ్చ ఇప్పుడే లేచింది, చుట్ట మానేస్తే తగ్గొచ్చు. పెద్దాసుపత్రిలో చూపిద్దాం. మానకపోతే మాత్రం అది పుండై ముదురుతుంది. నోరే పోతుంది.”

“నోరు పోతే సేపలెలాగమ్ముతాను, కేకెయ్యాలి గదా. మాన్తానమ్మా. గానీ ఒట్టినే మానీమంటే మనసు ఊరుకోదు. నువ్వు వారం వారం ఒచ్చి దీన్ని ఊదించు. దీనికాడ నాకు సిగ్గుంటాది.”

నా ముందు సిగ్గుపడతానన్న మొదటి మనిషి ఆమె. పెద్ద పెద్దవాళ్లు నన్ను తప్పించుకుని పోయారు గాని, ఆ మాట ఎవరూ అనలేదు. నాకు గర్వంగా అనిపించింది.

ప్రమీల తన సెలవు రోజుల్లో నన్ను తీసుకుని వెళ్లేది. డాక్టరు మచ్చ చూసి, చుట్ట మానడమే మందన్నాడు. కొర్లమ్మ బుగ్గన సోంపు పెట్టుకుని, చుట్ట మీదికి మనసు పోయినప్పుడల్లా ఇల్లు ఊడ్చేది. ఊడ్చిన ఇల్లే మళ్లీ ఊడుస్తోందని తోడికోడలు సింహాచలి వేళాకోళం చేసేది. వారం వారం అంకె దిగింది. పచ్చదీపానికి కాస్త దూరంలో వచ్చి ఆగింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు మేమూ ఊదుతామని వరస కట్టారు.

ఆ మాట ఆసుపత్రికి చేరింది. యంత్రం గడప దాటకూడదని, కావలసినవాళ్లు కేంద్రానికే రావాలని అధికారి చెప్పాడు. “అయినా ఆ ఊళ్లో ధూమపానం చేసే ఆడవాళ్లే లేరు కదా, మీరు ఎవరి కోసం వెళ్తున్నారు?” అని అడిగాడు.

“ధూమపానం కాదండీ, అడ్డచుట్ట.”

“అలాంటిది మన పథకంలో లేదమ్మా” అన్నాడతను, ఎంతో మర్యాదగా.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ రెండూ నాకు చేతకావు కూడా.

కొర్లమ్మే కేంద్రానికి వచ్చింది. పడవలు ఒడ్డుకు చేరి, వేలం ముగిసి, తట్ట ఖాళీ చేసుకుని, బస్సు పట్టుకుని వచ్చేసరికి తలుపు మూసేశారు. ఇంకోసారి బేరం మానుకుని పెందలాడే వచ్చింది. అప్పటికి ప్రమీల కాంట్రాక్టు అయిపోయింది, ఆ ఉద్యోగంలో ఇంకెవరినీ వేయలేదు. నేను బీరువాలో ఉన్నాను. తలుపు అవతల ఆమె గొంతు వినపడుతూనే ఉంది.

“ఒక్కపాలి ఊదీసి ఎలిపోతాను బాబూ. నాను మానీసినాను, దానికి సూపించాల.”

“తాళం నా కాడ నేదమ్మా” అన్నాడు వాచ్‌మన్‌. అబద్ధం కాదు, నిజంగానే అతని దగ్గర లేదు.

ఆమె మెట్ల మీద కూలబడిన చప్పుడైంది. తరవాత అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినపడింది. బీరువా బద్దలు కొట్టుకుని వెళ్లి ఆమె చేతిలో పడాలనిపించింది. అనిపిస్తే ఏం లాభం? మనుషులు కదిపితే తప్ప కదలని జన్మ నాది.

చాన్నాళ్లకు ఒక కొత్త అమ్మాయి వచ్చింది. బీరువా తెరిచి, నాకు బ్యాటరీలు మార్చింది. నోటి ఆపరేషన్లు అయినవాళ్లను ఇంటికి పంపే ముందు మా గదికి తీసుకురావాలని కొత్తగా ఆదేశం వచ్చిందట. ఆ రోజు మధ్యాహ్నం సింహాచలి ఒకామెను నడిపించుకుంటూ వచ్చింది. ఆమె మూతికి అడ్డంగా తువ్వాలు పెట్టుకుంది. ఒక చెంప లోపలికి దిగిపోయింది. సింహాచలి పక్కన లేకపోతే ఆమె కొర్లమ్మ అని నాకు తెలిసేదే కాదు.

“అంగిలి తీసీసినారమ్మా. మాటాడితే మాకే తెలవట్నేదు” అంది సింహాచలి.

“చుట్ట మానేసిందా?” అని అడిగింది కొత్త అమ్మాయి.

“ఇంకెక్కడెట్టుకుంటాది?”

కొర్లమ్మ తువ్వాలు తీసి, చెయ్యి చాచి నన్ను అందుకుంది. గొట్టాన్ని పెదాలతో గట్టిగా పట్టుకుంది. గుండెల నిండా గాలి పీల్చి, కళ్లు మూసుకుని ఊదింది. ఊపిరంతా అంగిట్లో ఉన్న కంతలోంచి పైకెక్కి ముక్కులోంచి బుస్సుమని పోయింది. మళ్లీ ఊదింది. ముక్కు మూసుకుని కూడా ఊదబోయి, నొప్పికి విలవిల్లాడింది. నా దాకా వీసమెత్తు గాలి రాలేదు.

“చాల్లే అమ్మా, పరవాలేదు” అంటూ కొత్త అమ్మాయి నన్ను తీసుకోబోయింది.

కొర్లమ్మ వదల్లేదు.