ఐదో మనిషి

కొండ కింద ఖనిజం ఉందని తెలిసిన ఏడాదికే ఆ ఊరి వీధులు ఎర్రబడిపోయాయి. కిటికీల మీద, ఆకుల మీద, మనుషుల కనురెప్పల మీద లారీల దుమ్మే. దుమ్ము పడ్డచోటల్లా డబ్బు పడుతుందనుకున్నారు జనం. పడింది కూడా, పెద్ద చేతుల్లో. చిన్న చేతులకు అందింది అద్దె పెంచుతున్నామన్న కబురే.

లాండ్రీ నడిపే మడతాయనకు గనివాళ్ల బట్టలతో ఊపిరాడటం లేదు. ఆయన చొక్కా మడత పెడితే చాకుతో కోసినట్టుంటుందని ఊరు పెట్టిన పేరది. పని పెరిగింది గానీ మిగులు పెరగలేదు. అద్దె, కరెంటు, కూలి అన్నీ కొండెక్కి కూర్చున్నాయి. సరిగ్గా అప్పుడే, గనుల రాబడిలోంచి చిన్న దుకాణాలకు పన్ను మాఫీ ఇస్తామంది ప్రభుత్వం. షరతు ఒక్కటే. పనిచేసేవాళ్లు నలుగురికి మించకూడదు. యజమానీ, ఇంటివాళ్లూ అందరూ లెక్కలోకే.

మడతాయన, ఆయన భార్య, ఉతికేవాళ్లిద్దరు. నలుగురు. ఐదో మనిషి అక్క.

నిజానికి మొదటి మనిషి అక్కే. తల్లి పోయాక అద్దె వసారాలో ఒక్క ఇస్త్రీపెట్టెతో తమ్ముణ్ణీ, ఈ వ్యాపారాన్నీ కలిపి పెంచింది. ఇప్పటికీ ఆ వసారాలోనే ఒంటరిగా ఉంటుంది. మోకాళ్లు మొరాయించడంతో, వెలుతురు బాగుంటుందని గుమ్మం దగ్గర బట్టలకొచ్చినవాళ్లు కూర్చునే బల్ల మీద కూర్చుని, గనివాళ్ల చొక్కాలకు ఊడిన గుండీలు కుడుతుంది.

పన్నుల ఆఫీసరు చెప్పాపెట్టకుండా దిగాడు. లోపలంతా కలయజూసి వేళ్లు మడిచాడు. "మీరు, మీ ఆవిడ, వాళ్లిద్దరు. ఈవిడో?"

మడతాయన మాట తడబడలేదు.

"బట్టల కోసం వచ్చారండి."

అక్క చేతిలో ఉన్న గుండీ పిడికిట్లోకి వెళ్లిపోయింది. సూదిని కొంగుకు గుచ్చుకుని లేచి నిలబడింది. ఆఫీసరు ఇంకా చూస్తూనే ఉన్నాడు. అబద్ధానికి కాళ్లు కావాలి కదా, మడతాయన అరలోంచి ఎవరిదో ఒక బట్టల మూట తీసి అక్క చేతికిచ్చాడు.

"ఇవిగోనమ్మా, మీవి."

"మంచిది బాబూ," అంది అక్క. మూట చంకన పెట్టుకుని, గుమ్మం దిగి, కుంటుకుంటూ వీధిన పడి వెళ్లిపోయింది. భార్య ఇస్త్రీ బల్ల మీదినుంచి తల ఎత్తలేదు.

మాఫీ మంజూరైందని ఆ సాయంత్రమే తెలిసింది. పక్కకొట్టు దర్జీ గుమ్మంలోంచి తొంగిచూశాడు. "ఏం మడతాయనా, సొంత అక్క బేరమైపోయిందట! రేపు నన్ను చూసి దారినపోయే దానయ్యంటావా?" ఎప్పుడూ మాటకు మాట అప్పజెప్పే మడతాయన ఆ పూట తిట్లు తిన్న పిల్లాడిలా చొక్కాల వైపు తిరిగాడు. మడతలు కుదరలేదు. రాత్రి అన్నం ముందు కూర్చుంటే భార్య, "రేపామెకు ఏ మొహం పెట్టుకుని కనపడతారో," అని మాత్రం అంది.

కనపడటానికి ఆయన వెళ్లనక్కర్లేకపోయింది. పొద్దున్నే అక్కే వచ్చింది. మూట ఇస్త్రీ బల్ల మీద పెట్టింది. దాని పక్కనే పిడికిలి విప్పింది. ఎర్ర దుమ్ము అంటిన గుండీ.

"ఇవి నావి కావండీ. నిన్న పొరపాటున ఇచ్చారు."

పుట్టి బుద్ధెరిగాక నిన్నటిదాకా ఆ నోటి నుంచి "ఒరేయ్" తప్ప మరో పిలుపు వినలేదు మడతాయన. పెళ్లిపీటల మీదా ఒరేయే, బేరాల ముందూ ఒరేయే. నలుగురిలో అలా పిలవొద్దని విసుక్కున్న రోజులూ ఉన్నాయి.

"అక్కా, నన్నలా..."

"కాసేపు కూర్చోవచ్చాండీ? మోకాళ్లు లాగుతున్నాయి."

చెంపదెబ్బ అయితే సర్దుకునేవాడే. ఈ మర్యాద ఎముకల్లోకి దిగింది. చొక్కా గుండీలైనా పెట్టుకోకుండా పన్నుల ఆఫీసుకు పరుగెత్తాడు.

"మేం ఐదుగురమండి," అన్నాడు ఆఫీసరుతో. "నిన్న బల్ల మీదున్నావిడ మా అక్క. షాపు పెట్టింది ఆవిడే."

ఆఫీసరు పెన్ను పక్కన పెట్టాడు. "సొంత అక్కా?" అని అడిగాడు. మాఫీ రద్దవుతుందని ఆ తర్వాత చెప్పాడు గానీ, మడతాయన చెవుల్లో ఆ మొదటి ప్రశ్నే ఉండిపోయింది. గదిలో మిగతా ఉద్యోగులు కూడా తలలెత్తి చూశారు.

తిరిగొచ్చేసరికి అక్క బల్ల మీదే ఉంది. ఒళ్లో గనివాడి చొక్కా.

"చెప్పేశానక్కా. ఐదుగురమని."

"మాఫీ?"

"పోయింది."

"మరి అద్దె?"

"ఏదో ఒకటి చూస్తాను."

అక్క కాస్త జరిగి, బల్ల మీద పక్కన చోటిచ్చింది. "కూర్చోండి. నా కళ్లకు ఆనట్లేదు, ఈ దారం ఎక్కించి పెట్టండి."

బట్టలకొచ్చినవాళ్లు చూస్తుండగా మడతాయన ఆ బల్ల మీద కూర్చున్నాడు. దారం కొస తడి చేసి సూది బెజ్జం వెతికాడు. దారం పక్కకే పోతోంది.

"ఎక్కిందాండీ?"

"ఇంకా లేదక్కా," అన్నాడు తలెత్తకుండా.