సంచుల దగ్గర ఎవరున్నారు

ఉదయం పదకొండు నలభైకి ఆమె ఐదు సంచులనూ అత్తగారినీ బెంచీ మీద వదిలి లోయలోకి దిగింది. పన్నెండు దాటితే నది దాకా ఎవరినీ పంపరు. దారి మొదట్లో కూర్చున్న పార్కు ఉద్యోగిని రిజిస్టర్ ముందుకు జరిపింది. 'ఎంతమంది' అన్న గడిలో ఆమె 'ఒకరు' అని రాసింది.

ఆ రోజు ఆమె నాలుగున్నరకు లేచింది. డజను గుడ్లు ఉడికించింది, రొట్టె ముక్కలకు వెన్న రాసింది, అత్తగారి మాత్రలు పూటల వారీగా పొట్లాలు కట్టింది, కూతురి టోపీ వెతికింది, భర్త వెతుకుతున్న కళ్ళజోడు ఆయన నెత్తి మీదే ఉందని చెప్పింది. పార్కు చేరేసరికి పదయింది. కారు దూరంగా ఆపి పార్కు బస్సెక్కాలి కాబట్టి సంచులన్నీ మోసుకురావలసి వచ్చింది. భర్త చేతిలో ఒక కాగితం, అందులో లోయ అంచున చూడవలసిన ఆరు చోట్లు.

"అమ్మ నడవలేదు. నువ్వు అమ్మ దగ్గరుండి సంచులు చూసుకో. మేమిద్దరం తిరిగొచ్చేస్తాం," అన్నాడు.

"కిందికి నది దాకా దారుందట కదండీ."

"నదిలో ఏముంటుంది, నీళ్ళేగా. ఫొటోలు తీసుకొస్తాలే, చూద్దువుగాని."

ఆమెకు ఆ మాట కొత్త కాదు. జలపాతానికి వెళ్ళినప్పుడు ఆమె వాళ్ళ తడి బట్టలు మాత్రమే చూసింది. లైట్‌హౌస్ కింద కూర్చుని, పైనుంచి చేతులూపిన వాళ్ళకు తనూ చేయి ఊపింది. ఎవరూ బలవంతపెట్టలేదు. సంచులు ఎక్కడ దింపితే అక్కడ ఆగిపోవడం ఆమెకు అలవాటైంది, అంతే. "నువ్వుంటే నిశ్చింత," అనేవాడు భర్త. పెళ్ళైన కొత్తలో ఆ మాటకు పొంగిపోయింది కూడా. పద్దెనిమిదేళ్ళుగా ఆమె ఎనిమిదో తరగతికి భూగోళం చెబుతోంది. ఏటా ఒక పీరియడ్‌లో బోర్డు మీద లోయను అడ్డంగా కోసినట్టు గీస్తుంది. ఒక్కో పొరకూ ఒక్కో రంగు సుద్ద, అడుగున నదికి నీలం గీత. కిందటేడు ఒక పిల్ల లేచి, "టీచర్, మీరు చూశారా?" అని అడిగింది. "చూశాను," అంది. వెంటనే బోర్డు వైపు తిరిగి, గీసిన గీతనే మళ్ళీ దిద్దింది.

భర్తా కూతురూ వెళ్ళాక, గుడ్డు పెంకు ఒలుస్తూ ఈ సంగతి అత్తగారితో చెప్పింది. ఎందుకు చెప్పిందో ఆమెకే తెలియదు.

"మరిక్కడ కూర్చున్నావేం?" అంది అత్తగారు.

"మీ మోకాళ్ళు..."

"నా మోకాళ్ళకి కాపలా ఎందుకే, అవెక్కడికి పోతాయి?"

"సంచులున్నాయి కదా అత్తయ్యా."

"నలభై ఏళ్ళు మీ మామయ్య సంచులు కాశాను, ఒక్కటీ పోలేదు. ఆయన చూసొచ్చినవన్నీ చెప్పేవారు, నేను ఊఁ కొట్టేదాన్ని. అందులో సగం ఇప్పటికీ నమ్మను." అత్తగారు నీళ్ళ సీసా తీసి ఆమె చేతిలో పెట్టింది. "వెళ్ళు. ఆ పిల్లకి చెప్పిన అబద్ధం నిజం చేసుకుని రా. నీళ్ళు చల్లగా ఉన్నాయో లేదో నాకు చెప్పాలి. ఫొటోలో అది తెలీదు."

దిగడానికి గంటన్నర పట్టింది. భుజాన సంచీ లేకపోవడంతో మొదటి మలుపు దాకా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. పసుపు రాయి తర్వాత ఎరుపు వచ్చింది. ఎరుపు కింద ఆమె ఏటా బూడిదరంగు వేసేది. ఇక్కడ ఆకుపచ్చ పొర ఉంది. నది నీలంగా లేదు, మట్టిరంగులో ఉంది. సుద్దల డబ్బాలో ఆ రంగు లేదు. బూట్లు విప్పి ఒడ్డునే మోకాలి లోతు నీళ్ళలో నిలబడింది. ఇరవై నిమిషాలు ఎవరూ పిలవలేదు.

మూడింటికి భర్తా కూతురూ బెంచీ దగ్గరికి వచ్చారు. అక్కడ జరిగింది తర్వాత కూతురు చెప్పింది.

"అదేదీ?" అన్నాడట భర్త.

"పనిమీద వెళ్ళింది."

"ఇక్కడేం పని?"

"నదితో. నువ్వు వచ్చావుగా, ఇక సంచులు చూసుకో నాయనా," అని అత్తగారు కర్ర అందుకుందట.

ఎక్కేటప్పుడు ఆమె చాలాసార్లు ఆగింది. పైనుంచి మొదటి మలుపు దగ్గర, రాతి మీద అత్తగారు కూర్చుని ఉంది. పక్కన కూతురు కర్ర పట్టుకుని నిలబడింది.

"చల్లగానే ఉన్నాయా?" అంది అత్తగారు.

"మోకాళ్ళు మొద్దుబారేంత చల్లగా ఉన్నాయత్తయ్యా."

"అయితే నాకు పనికొచ్చేవే."

ముగ్గురూ మెల్లగా పైకి వచ్చారు. రిజిస్టర్‌లో ఆమె పేరుకు ఎదురుగా తిరిగొచ్చిన సమయం నాలుగూ యాభై. ఆ కింద కూతురి చేతిరాతతో మరో వరుస ఉంది: మూడున్నర, ఇద్దరు, మొదటి మలుపు దాకా. ఆ సమయంలో సంచుల దగ్గర ఉన్నది భర్త.