చీలమండకు కట్టిన మూట

...అయినా నాలుగు గోడలున్నప్పుడు మనిషి దేనికి ఆనుకుని పడుకోవాలో ఎవరూ చెప్పరు. ఫుట్‌పాత్ మీద ఆ గొడవ లేదు. ఉన్నది ఒకటే గోడ, అదీ చెప్పుల కొట్టు షట్టరు. రాత్రి కొత్త గదిలో శ్రీదుర్గ ఒక గోడ పక్కన పడుకుంది. మిగతా మూడూ ఏమనుకుంటాయోనని ఇంకో దాని దగ్గరికి జరిగింది. ఆ ఆలోచనకే నవ్వొచ్చి, కూతురు లేస్తుందని నోట్లో కొంగు కుక్కుకుంది. గోడలకు మనసుంటుందా? తొమ్మిది రోజుల్లో ఇల్లూ పనీ దొరికినవాళ్లకు గోడలకే కాదు, స్విచ్చుబోర్డుకు కూడా మనసున్నట్టే ఉంటుంది.

బుడమేరు నీళ్లు సింగ్‌నగర్‌లో గదినీ కుట్టుమిషన్నీ ముంచేశాయి. పని వెతుక్కుంటానని వెళ్లిన మొగుడు ఫోను ఎత్తడం మానేశాడు. ఆ తర్వాత విజయవాడ బస్టాండు వెనక, ఆ షట్టరు ముందు ఏడాది పైనే గడిచింది. అక్కడికి చాలామంది వచ్చి పులిహోర పొట్లాలిచ్చారు, దుప్పట్లిచ్చారు, ఫొటోలు తీసుకున్నారు. నిలువనీడ లేనివాళ్లకు సాయంచేసే సంస్థ తరఫున దీవెన ఒక్కతే, తొమ్మిది రోజుల క్రితం, వట్టి చేతులతో వచ్చి, "ఏ పని వచ్చండీ మీకు?" అని అడిగింది.

"చీరలు మడతపెట్టడం వచ్చండీ. మా నాన్న ఉన్నన్నాళ్లూ మంగళగిరిలో నేసేవాడు."

"అయితే మంగళగిరిలోనే ఇల్లు చూద్దాం. మిగతావన్నీ ఇంట్లో కూర్చుని ఆలోచించొచ్చు."

అలా నిన్న సాయంత్రం అమలమ్మగారి మేడ కింద ఒక గదిలో దిగారు. ఇవాళ తొమ్మిదింటికి చీరల కొట్లో పని.

తెల్లవారుజామున ఐదింటికి కళ్లు వాటంతటవే తెరుచుకున్నాయి. చేతులు ఎవరినీ అడగలేదు. గిన్నె, రెండు గ్లాసులు, ప్రత్యూష పుస్తకాలు ఉన్న పాత నేతచీర మూటలో పక్కబట్టలూ పడ్డాయి. మూడు ముడులు పడ్డాయి. నేల ఊడ్చింది. నిద్రలో తూలుతున్న కూతుర్ని నడిపించుకొచ్చి బయట మెట్టు మీద కూర్చోబెట్టి, మూట ఒళ్లో పెట్టుకుని తనూ కూర్చుంది. మనసు చాలాసేపటి వరకు లోపలే నిద్రపోతూ ఉండిపోయింది.

చీపురుతో బయటికొచ్చిన అమలమ్మ ఆగిపోయింది. "ఏంటమ్మాయ్, రాత్రి దిగి పొద్దున్నే ఖాళీ చేస్తున్నావా? మా ఇంట్లో దెయ్యం గానీ కనబడిందా?"

"కొట్టు తెరుస్తారు కదా, పిన్నిగారూ..."

"ఏ కొట్టు?"

శ్రీదుర్గ చుట్టూ చూసింది. చెప్పుల కొట్టు లేదు, షట్టరు లేదు. తులసి మొక్క, నీళ్ల బిందె, చీపురు పట్టుకున్న అమలమ్మ ఉన్నారు.

"మా అమ్మకి అలవాటండీ," అంది ఎనిమిదేళ్ల ప్రత్యూష ఆవులిస్తూ. "ఇంకాస్త ఆలస్యంగా లేచుంటే నన్ను కూడా మడతపెట్టేసేది."

అమలమ్మ నవ్వింది. నవ్వు ఆపుకోలేక చీపురు కిందపడేసి గోడ పట్టుకుంది. శ్రీదుర్గకు నవ్వు ఎక్కిళ్లలా వచ్చింది. ఆపితే ఇంకా వచ్చింది. ఇల్లు పెట్టుకుని మెట్టు మీద మూటకు కాపలా కాయడం! ఎదురింటివాళ్లు కిటికీ తీసి చూశారు. వాళ్లకు కిటికీ ఉంది. తనకూ ఉంది! మళ్లీ ఎక్కిళ్లు.

నవ్వు తగ్గాక మాత్రం చెయ్యి మూటమీదే ఉంది. బస్టాండు దగ్గర రోజూ మూట కొసను చీలమండకు కట్టుకునే పడుకునేది. రాత్రి ఇక్కడా కట్టుకుంది. ఇక్కడ దొంగలు లేరని తనకు తెలుసు. చీలమండకు తెలియదు.

ఎనిమిదిన్నరకు దీవెన స్కూటరు ఆపింది. "మూటెందుకండీ? కొట్లోకి చేతిసంచీ కూడా రానివ్వరు. మొదటిరోజే ఆలస్యమైతే ఇంకొకర్ని పెట్టుకుంటానని షావుకారు ముందే చెప్పారు."

"పెట్టేసి వస్తానండీ."

శ్రీదుర్గ మూట లోపల పెట్టి తాళం వేసి, నాలుగడుగులు నడిచి, వెనక్కొచ్చి తాళం తీసి, మూటతో బయటికొచ్చింది.

"ఇప్పుడే కదండీ పెట్టారు!" అంది దీవెన.

మళ్లీ పెట్టింది. ఈసారి ఆరడుగులు. మళ్లీ తెచ్చింది. నవ్వుతూనే ఉంది, కళ్లలో నీళ్లు మాత్రం నవ్వువి కావు.

"అమ్మా, తాళం అరిగిపోతుందే!" అంది ప్రత్యూష అమలమ్మ చెయ్యి పట్టుకుని.

దీవెన గడియారం చూసుకుంది. "ఎనిమిదీ నలభై అయిందండీ."

మూడోసారి తాళం వేసి శ్రీదుర్గ స్కూటరు దాకా వచ్చింది. వెనక కూర్చుంది కూడా. లోపల మూట ముడులతోనే ఉంది. ముడులున్నంతసేపూ అది ప్రయాణానికి సిద్ధంగా ఉన్న మూట. పిలిస్తే వచ్చేస్తుంది. చీరలు మడతపెడుతూ రోజంతా అది పిలవడం వింటూ ఉండాలి.

"ఒక్క నిమిషమండీ."

"శ్రీదుర్గగారూ!"

పరిగెత్తింది. తాళం తీసి, మూట ముందు మోకాళ్లమీద కూర్చుని, ఏడాదిగా రోజూ పొద్దున్నే బిగించే ముడుల్లో మొదటిదాన్ని పళ్లతో పట్టి లాగి విప్పింది.