మీటలు పట్టేసిన బాకా

ఎనిమిది గ్రహాలు ఒక్క రాశిలో చేరి లోకాన్ని మింగేస్తాయని జనమంతా గడగడలాడిన అరవై రెండు ఫిబ్రవరి అది. నెల్లూరులో హోమాల పొగ. తోటపల్లి గూడూరు దాటాక సముద్రం అంచున ఉన్న జాలర్ల పట్టపుపాళెంలో ఆ భయానికే తెప్పలన్నీ ఇసక మీదే పడున్నాయి. పక్క దిబ్బ మీది క్రైస్తవుల ఇళ్ళలో భయం ఇంకో రకం. వాళ్ళు గ్రహాలను నమ్మరు గానీ, లోకం ముగిసేనాడు దేవదూత కడబూర ఊదుతాడని నమ్ముతారు. అందుకే చర్చి పెద్దలు క్రీస్తుదాసును పిలిచి, ఈ గండం గడిచేదాకా బాకా బయటికి తీయొద్దు, వింటే ముసలివాళ్ళ గుండెలు ఆగిపోతాయని గట్టిగా చెప్పారు.

ఆ తీరానికంతా బాకా ఊదేవాడు క్రీస్తుదాసు ఒక్కడే. చర్చి పాటలకైనా, ఏ కులం వాళ్ళ పెళ్ళి ఊరేగింపుకైనా అతనే రావాలి. మిషను దొర తన దేశం వెళ్ళిపోతూ ఇచ్చిపోయిన ఇత్తడి బాకా అది. దాంతోపాటు దాని కథ కూడా ఇచ్చిపోయాడు, క్రీస్తుదాసు దాన్ని దొరికినవాడికల్లా వినిపించేవాడు. పాతకాలంలో బాకాకి మీటల్లేవు, ఒట్టి గొట్టం. పెదాలు బిగించీ వదిలీ ఊదితే వచ్చే కొద్దిపాటి స్వరాలే దాని ఆస్తి. రాజు వస్తున్నా, యుద్ధం వస్తున్నా అవే. ఈ మూడు మీటలూ వచ్చింది మొన్న మొన్న. మీట నొక్కితే గాలి ఇంకో చుట్టు తిరిగొస్తుంది, స్వరం కిందికి దిగుతుంది, అప్పుడుగానీ పాట పలకదు. "దేవదూత బూరకి మాత్రం మీటలుండవు. ఒట్టి కేకే!" అని కళ్ళు పెద్దవి చేసి ముగించేవాడు. ఎదుటివాడు బెదిరితే అతనికదో సరదా.

అందరికన్నా ఎక్కువ బెదిరింది అతని జతగాడు, పాళెంలో చేపలు పట్టే ముత్యాలయ్య.

ఆ పొద్దున ముత్యాలయ్య భార్య కామమ్మ వచ్చి తలుపు బాదింది. బయట మంచు. చేయి చాపితే చేయి కనబడదు.

"పిల్లోళ్ళకి గంజి కూడా లేదని ఒక్కడే తెప్పేసుకుని పోయినాడన్నా! ఎటు చూసినా మంచే. అలల హోరు కూడా లేదు, ఒడ్డు యాడుందో ఎట్టా తెలుస్తది? గట్టుమీంచి గాలి లేసిందంటే సంద్రం లోపలికి కొట్టుకపోతాడు. నీ బాకా ఊదన్నా!"

క్రీస్తుదాసు మూలనున్న బాకా మూటవైపు చూశాడు. పెద్దల మాట ఒక పక్క. దేవుడి బూరను తాను దొంగగా ఊదినట్టవుతుందేమోనన్న దడ ఇంకో పక్క. అయినా గుడ్డ విప్పి బాకా తీసి నీళ్ళ అంచుకు పరిగెత్తాడు. మీటలు నొక్కితే కదల్లేదు. వాడకుండా మూటగట్టిన బాకాలోకి ఉప్పుగాలి దూరి మూడింటినీ పట్టేసింది. సరే, మీటలు లేకపోతేనేం, చప్పుడే కదా కావలసింది అనుకుని బలంకొద్దీ ఊదాడు. ఒట్టి గొట్టం కేక మంచును చీల్చుకుంటూ పోయింది. మళ్ళీ ఊదాడు. దిబ్బ మీద ఏడుపులు లేచాయి. ఎవరో ముసలామె మోకాళ్ళ మీద పడి "ప్రభువా!" అంటోంది. క్రీస్తుదాసు ఊదడం ఆపి చెవులు రిక్కించాడు, పైనుంచి ఇంకో బాకా బదులు పలుకుతుందేమోనని.

ఏమీ పలకలేదు. తెప్పా రాలేదు.

కామమ్మ సన్నగా అంది. "అన్నా, ఆయన ఇది నీ బాకా అనుకుంటాడా? దేవదూత బూర మోగితే నేల మీద ఒక్కరూ మిగలరు, నేను నీళ్ళ మీదనే ఉండిపోతా అంటుండినాడు. నువ్వే గదన్నా చెప్పింది, మీటలు లేని కేకని..."

అప్పుడర్థమైంది క్రీస్తుదాసుకు. తాను ఊదిన ప్రతి కేకా ముత్యాలయ్యను ఒడ్డుకు లాగడం లేదు, లోపలికి తరుముతోంది.

పాట కావాలి. మీటలు కదలాలి. "నవోమీ, కిరసనాయిలు!" అని భార్యను కేకేశాడు. ఆమె లాంతరు ఊడదీసి తెచ్చింది. పళ్ళతో మూతలు విప్పి, మీటల్లో కిరసనాయిలు పోశాడు. మొదటి మీట కదిలింది. మూడోదీ కదిలింది. నడిమిది మాత్రం మొరాయించింది. అది ఎప్పుడూ అంతే. ముత్యాలయ్య పెళ్ళి ఊరేగింపులో కూడా సరిగ్గా చరణం మలుపులో మొండికేసి పాళెమంతా నవ్వేలా చేసింది.

ఆ ఊరేగింపు పాటే అందుకున్నాడు. ఏడుస్తూ ఊదాడు. మలుపు దగ్గర స్వరం జారి గొడ్డు అరుపులా వచ్చింది. ఆగకుండా మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. పెదవి చిట్లి నోట్లో రక్తం ఉప్పగా తగిలింది.

చాలాసేపటికి మంచులోంచి తెడ్డు చప్పుడు వినబడింది.

కామమ్మ మొగుణ్ణి పట్టుకుని ఏడుస్తుంటే, ముత్యాలయ్య నీలుక్కుపోయిన పెదాలతో చెప్పాడు. "మొదట కేక వినంగానే తెప్ప లోపలికి తిప్పినానన్నా. మీరంతా అయిపోయినారు, ఇంకెవురికోసం బతకాల అని దూకేదానికి లేసి నిలబడినా. అంతలో మా పెళ్ళి పాటొచ్చింది. అదే చోట తప్పింది. దేవదూత తప్పు వాయిస్తాడా?"

చుట్టూ చేరినవాళ్ళు నవ్వారు. క్రీస్తుదాసుకు నవ్వు రాలేదు. ఇసకలో కూలబడి, బాకాను ఒళ్ళో పెట్టుకుని, జతగాడి తడి కాళ్ళవైపే చూస్తూ ఉండిపోయాడు.

"ఏమన్నా," అన్నాడు ముత్యాలయ్య పక్కనే కూర్చుని, ఇంకా వణుకుతూ. "నిజం చెప్పు. ఆ దేవదూత బూరకి మీటలుండవా?"

"ఉంటాయిరా," అన్నాడు క్రీస్తుదాసు. "పాటే వాయిస్తాడు."