కుర్చీ కుదరని పిల్ల

తొమ్మిదేళ్ల ఆ పిల్లను ఇంట్లో అందరూ బొంగరం అనే పిలిచేవారు. నోటి లెక్కల్లో క్లాసు మొత్తానికీ మేటి. కాగితం మీద మాత్రం రెండో లెక్క దాటితే ఒట్టు. మూడో లెక్క దగ్గరికొచ్చేసరికి పెన్సిలు రాకెట్టయ్యేది, రబ్బరు చంద్రుడయ్యేది, పక్క పిల్ల మోచెయ్యి ప్రమాదంలో పడేది.

"అన్నీ తెలిసీ రాయదండీ. ఒట్టి పొగరు," అంది లెక్కల టీచర్, ఫొటో స్టూడియో నడిపే తల్లిని పిలిపించి.

తల్లి బొంగరాన్ని పిల్లల మానసిక వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్లింది. "నేను లేకపోతే మీరిద్దరూ దారిలోనే తప్పిపోతారు," అంటూ అమ్మమ్మ కూడా బయల్దేరింది.

డాక్టర్ అడగడం మొదలుపెట్టగానే బొంగరం బల్ల కింద దూరింది.

"వస్తువులు పారేసుకుంటుందా?"

"అయ్యో, ఏం చెప్పమంటారు!" అమ్మమ్మ అందుకుంది. "మొన్న కెమెరా మూత ఫ్రిజ్‌లో దొరికింది."

"మొదలుపెట్టిన పని పూర్తి చేస్తుందా?"

"వంటింటి గోడ సగం నీలం, సగం తెలుపు. ఏళ్ల తరబడి అంతే."

డాక్టర్ కలం ఆగింది. "గోడకి పాప రంగేసిందా?"

"పాపెందుకేస్తుంది? నేను చెప్తున్నది నా కూతురి గురించి!"

తల్లి ముఖం కందగడ్డయింది. బల్ల కింద కిసుక్కుమని నవ్వు వినిపించింది.

"నువ్వు వింటున్నావా?" డాక్టర్ వంగి చూసింది.

బొంగరం అక్కడినుంచే మొదటి ప్రశ్న మొదలు అంతా అప్పజెప్పింది, అమ్మమ్మ గొంతుతో సహా.

మరికొన్నిసార్లు పరీక్షించాక డాక్టర్ చెప్పింది: "దీన్ని ఏడీహెచ్‌డీ అంటారు. తెలివికి లోటేం లేదు, వయసుకి మించే ఉంది. ఆ తెలివి చాటునే ఇబ్బంది ఇన్నాళ్లూ దాగింది. ధ్యాస నిలపడం తనకి నిజంగానే కష్టం. పొగరు కాదు."

"చిన్నప్పుడు నన్నూ అదే మాట అనేవారు," అంది తల్లి మెల్లగా.

అమ్మమ్మ వంగి, కూతురు కుర్చీ పక్కన వదిలేసిన చేతిసంచీ తీసి తన ఒళ్లో పెట్టుకుంది.

ఒక్కసారికి రెండు లెక్కలే ఇవ్వమనీ, నిలబడి రాయనివ్వమనీ డాక్టర్ సలహా. టీచర్ నమ్మకపోయినా సరేనంది. బొంగరం కిటికీ గట్టు మీద కాగితం పెట్టుకుని, ఒంటికాలి మీద ఊగుతూ రాసింది. రెండు, మళ్లీ రెండు. గంట కొట్టేలోపు పేజీ నిండింది.

దిద్దడం పూర్తిచేసి టీచర్ కళ్లజోడు తీసింది. "నిన్ను పొగరన్నాను. పొరపాటు నాదేనమ్మా."

"పర్లేదు టీచర్. ఇంకో రెండివ్వండి."

అసలు చిక్కు ఆ తర్వాతే వచ్చింది. "మేమూ నిలబడతాం టీచర్!" అని పిల్లలంతా ఎగబడ్డారు. వారం తిరక్కుండానే గట్లన్నీ నిండిపోయాయి.

అటుగా వెళ్తూ హెడ్మాస్టర్ తొంగిచూశాడు. "ఇంతమందిని నిలబెట్టేశారేంటమ్మా! ఏం తప్పు చేశారు?"

"తప్పేం లేదు సార్, లెక్కలు చేస్తున్నారు," అంది టీచర్, ఆ గదిలో కూర్చుని ఉన్న ఒకే ఒక్క మనిషి.